ముద్దు గేటు దగ్గర ఆయన

మా ఆవిడ నోటుబుక్కుని నేను మొదటిసారి దొంగతనంగా చదివింది ఒక శనివారం మధ్యాహ్నం. ఆమె పక్కింటావిడతో కలిసి మార్కెట్‌కి వెళ్లింది. టీ పెట్టుకుందామని పంచదార కోసం వెతుకుతుంటే, కందిపప్పు డబ్బా వెనక గోడకి ఆనించి నీలం అట్ట నోటుబుక్కు ఒకటి కనపడింది. పప్పుల అరలో నోటుబుక్కుకి ఏం పని? దాచిందే అయ్యుండాలి. దాచిందని తోచాక తెరవకుండా ఉండటం నావల్ల కాలేదు. నాకంటే మంచివాడైతే డబ్బా మళ్లీ ముందుకి జరిపి, టీ తాగి, టీవీ చూసుకునేవాడు.

నా ఉద్యోగం కూడా అలాంటిదే. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకమంతా బెంబేలెత్తిన రోజుల్లో నన్ను టెస్టింగ్ పనికని ఇంగ్లండులో ఈ నార్తాంప్టన్‌కి తీసుకొచ్చారు. కంప్యూటర్లకేం కాలేదు, నన్ను మాత్రం ఉంచేసుకున్నారు. టెస్టర్ పనేమిటంటే, ఎదుటివాడు కష్టపడి ప్రోగ్రాం రాసి అంతా బాగుందని చెబితే నమ్మకపోవడం. తప్పు దొరికిందాకా వెతకాలి. దొరక్కపోతే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. ఆ బుద్ధిని సాయంత్రం ఆఫీసులో వదిలేసి ఇంటికొచ్చేవాళ్లూ ఉంటారు. నేను కోటుతో పాటు దాన్నీ తొడుక్కునే వచ్చేవాణ్ని.

నోటుబుక్కు నిండా కవిత్వం. తెలుగులో, ఆమె గుండ్రటి చేతిరాతలో, ఒక్కోదాని కింద తేదీతో సహా. మొదటిది ఇలా ఉంది:

పొలానికి తలుపుంది
తలుపుకి తాళం లేదు
ఎవరమ్మాయివని అడక్కుండానే
లోపలికి రమ్మంది

చదివి నవ్వుకున్నాను. మాది అద్దంకి దగ్గర పల్లెటూరు. మా నాన్న పొగాకు, మిరప, శనగ వేసేవాడు. పరీక్షలు రేపనగా కూడా పొగాకు తలలు తుంచడానికి పోయిన వాణ్ని నేను. ఆ జిగురు చేతులకి పట్టి రెండు రోజులదాకా వదిలేది కాదు, అన్నం ముద్ద చేదుగా ఉండేది. ఒకరి పొలంలో అడక్కుండా అడుగుపెడితే మా ఊళ్లో కాళ్లు విరగ్గొడతారు. ఈవిడేమో గుంటూరులో మేడ మీద పుట్టి పెరిగింది. పెళ్లికి ముందు పొలమంటే రైలు కిటికీలోంచి చూసిందే. అలాంటి మనిషి ఇంగ్లండు వచ్చి పల్లెల మీద కవిత్వం రాస్తోంది. నవ్వక ఏం చేస్తాను?

ఈ కవిత్వం పిచ్చి అంటించింది పక్కింటావిడే. రిటైరైన స్కూలు టీచరు, డెబ్భైకి దగ్గర పడిన మనిషి. పేరు పెట్టి పిలవమని ఎంత చెప్పినా మా ఆవిడకి నోరు తిరగక ఆంటీ అనే పిలిచేది. ఆవిడ మొదట ఉలిక్కిపడి, తర్వాత ఆ పిలుపుకి అలవాటుపడి మురిసిపోయింది. ఊరికి ఎనిమిది మైళ్ల దూరంలో ఒక పల్లె ఉంది. అక్కడి విలేజ్ హాల్లో ప్రతి బుధవారం ఏడెనిమిది మంది చేరి, ముందు పొలాల వెంట గంటసేపు నడిచి, తర్వాత హాల్లో కూర్చుని చూసినదాని మీద కవితలు రాసి, చదువుకుని, టీ తాగి ఇళ్లకి పోతారు. ఆంటీ ఒక వసంతంలో మా ఆవిణ్ని వెంటబెట్టుకుని పోయింది. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటోంది, ఇంగ్లీషు మెరుగుపడుతుంది కదా అని నేనూ సరేనన్నాను.

"అక్కడ ఏం రాస్తారే?" అని అడిగాను మొదటి వారం.

"పొలాల మీదండీ. గొర్రెల మీద, కంచెల మీద, గాలి మీద."

"గొర్రెల మీద రాసేదేముంది? మేస్తాయి, పెంటికలేస్తాయి."

"మీరూ రండి ఒకసారి. చాలా బావుంటుంది."

"పొలాలు చూట్టానికి నేను ఇంత దూరం రావాల్నా? చూసిందాన్ని తప్పించుకునేగా ఇక్కడికొచ్చింది."

ఆమె మళ్లీ పిలిచింది. ఆ తర్వాతా చాలాసార్లు పిలిచింది. బుధవారం ఆఫీసుంటుందన్నాను. వాళ్లు శనివారం కూడా ఒక్కోసారి నడుస్తారంటే, శనివారం లండన్‌లో ఈస్ట్ హామ్ పోయి మన సరుకులు తెచ్చుకోవాలన్నాను. చివరికి పిలవడం మానేసింది. మానేసిన సంగతి నేను గమనించను కూడా లేదు.

ఇంగ్లండు పొలాలంటే నాకు మొదటినుంచీ అనుమానమే. కారులో పోతుంటే మైళ్లకొద్దీ పచ్చగా పరుచుకుని ఉంటాయి, ఒక్క మనిషి కనపడడు. కలుపు తీసేవాళ్లు ఏరి? కావలి కాసేవాళ్లు ఏరి? గట్టు మీద అన్నం గిన్నె లేదు, చెట్టు కింద ఉయ్యాల లేదు. గొర్రెలు వాటి పాటికవి మేస్తుంటాయి. పని చేసేవాళ్లెవరో కనపడని పొలాన్ని చూసి మురిసిపోవడం నాకు చేతకాదు. ఇంత అందంగా ఉందంటే దీని వెనక ఏదో మతలబు ఉందనే నాకు తోచేది.

అయినా కొన్నాళ్లు ఆ కవిత్వం వల్ల మా ఇద్దరికీ కాస్త కాలక్షేపం దొరికింది. ఆమెకి పొలం కళ్లెదుట ఉంది గాని మాటలు తెలియవు. నాకు మాటలన్నీ తెలుసు. కూర తరుగుతూ అడిగేది.

"ఏవండీ, దున్నిన పొలంలో గీతలుంటాయి చూడండి, వాటినేమంటారు?"

"చాళ్లు."

"కంచెకీ దడికీ తేడా ఏంటండీ?"

"దడి కట్టేది. కంచె వేసేది. ఇక్కడ వీళ్లదేమో నాటి పెంచేది. దానికి మన దగ్గర పేరు లేదు, కంచె అనే రాసుకో."

మాట చెప్పగానే ఆమె ముఖం వెలిగేది. నాకూ లోలోపల గొప్పగా ఉండేది. చదువుకున్న చదువుకి కాకుండా పొగాకు చేలో నేర్చుకున్నదానికి ఒకరు నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. అయినా అప్పుడు కూడా ఒక మూల పురుగు తొలిచేది. ఈ మాటలు ఇంత ముద్దుగా ఎవరి కోసం పోగు చేస్తోంది? ఆ హాల్లో తెలుగు వచ్చినవాడు ఒక్కడూ లేడు కదా.

రానురాను ఆమె మారడం మొదలుపెట్టింది. బుధవారం సాయంత్రాలు బుగ్గలు ఎర్రగా, జుట్టు చెదిరి, ఏదో కూనిరాగం తీస్తూ కనపడేది. మోకాళ్లదాకా వచ్చే రబ్బరు బూట్లు కొనుక్కుంది. నేను ఇంటికొచ్చేసరికి వాటిని పెరటి తలుపు దగ్గర కడుగుతూ ఉండేది. అంత శ్రద్ధగా బురద కడగడం ఎందుకా అనిపించేది నాకు. ఒకసారి ఆమె మాటల్లో ఒక పెద్దాయన వచ్చాడు. ఆ గుంపులో మగవాడు ఆయనొక్కడే. భార్య పోయింది. ఒకప్పుడు అక్కడే వ్యవసాయం చేసేవాడు. ఒక నల్లకుక్కని వెంటేసుకుని వస్తాడు. ఏ పిట్ట ఏదో, ఏ చెట్టు ఏదో ఆయనే చెబుతాడు.

"ఆయన చాలా మంచివారండీ" అంది.

నేను ఆ మాటని పక్కన పెట్టుకున్నాను. తప్పు ఎక్కడుందో తెలియకపోయినా, అనుమానం ఉన్నచోట ఒక గుర్తు పెట్టుకోవడం మా వృత్తిలో అలవాటు.

2001లో చలికాలం చివర పశువులకి గాలికుంటు వచ్చింది. మా ఊళ్లో గాలికుంటు వస్తే కాళ్లకి వేపనూనె రాసి పది రోజులు కాడి కట్టకుండా వదిలేసేవాళ్లు. ఇక్కడ మందలకి మందల్నే తుపాకులతో కాల్చి తగలబెట్టారు. టీవీలో రోజూ అవే మంటలు. ఆవుల కాళ్లు ఆకాశంలోకి లేచి ఉండేవి. అది చూసి నేను అన్నం దగ్గర్నుంచి లేచిపోయిన రోజులున్నాయి. మనుషులు కనపడని ఆ అందమైన పొలాల వెనక ఏదో ఉందని నేను అనుకుంటూనే ఉన్నాను, చూశారా అని ఎవరితోనో అనాలనిపించింది.

ఆ మార్చిలోనే ఒక ఆదివారం మా ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు నోటుబుక్కు మళ్లీ తీశాను. అప్పటికి అది నాకు వాడుకైపోయింది, నాలుగోసారో అయిదోసారో. గొర్రెలూ కంచెలూ దాటుకుంటూ చివరి పేజీకి వచ్చాను.

ముద్దు గేటులో ఒక్కరికే చోటు
ముందు ఆయన దాటారు
దాటినవారు గేటు వదలరే
దారి ఊరికే ఇవ్వనని నవ్వారు
బూట్లకి బురద, బుగ్గలకి చలి
వెనక ఎవరూ రావడం లేదు కదా అని
నేనూ తొందరపడలేదు

కింద తేదీ వేసి ఉంది. పోయిన బుధవారం.

ఒళ్లు భగ్గుమంది. మళ్లీ చదివాను. ముద్దు, గేటు, ఆయన, నవ్వారు. స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగేసరికి పుస్తకాన్ని డబ్బా వెనక తోసేసి సోఫాలో కూలబడ్డాను. ఆమె తల తుడుచుకుంటూ వచ్చి, "ఏంటండీ అలా ఉన్నారు?" అంటే తలనొప్పన్నాను. నుదుటికి బామ్ రాసింది. ఆ చేతి చల్లదనానికి కూడా అర్థాలు వెతికాను.

అక్కడినుంచి నా బుర్ర ఆగలేదు. ఈడువాడైతే అతను అని రాసేది. ఆయన అంది, దాటారు, నవ్వారు అని గౌరవం కూడా ఇచ్చింది. అంటే వయసులో పెద్దవాడు. ఆ గుంపులో వయసులో పెద్దవాడైన మగవాడు ఎవరు? కుక్క పెద్దాయన. డెబ్భై దాటిన మనిషిని అనుమానించడానికి సిగ్గుండాలి, నిజమే. కానీ సాక్ష్యం ఎటు చూపిస్తే అటు పోవాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ ఆయన నేను కావచ్చన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. నేనెప్పుడూ ఆ పల్లె మొహం చూడలేదు. గేటు దగ్గర నిలబడి నవ్వే మనిషిని అంతకంటే కాదు.

తర్వాతి బుధవారం సాయంత్రం మామూలుగా అడిగినట్టు అడిగాను.

"ఇవ్వాళ నడిచారా?"

"ఆఁ, నడిచామండీ."

మర్నాడు ఆఫీసులో టీ దగ్గర మాటల్లో ఒకతను తన వారాంతాలన్నీ పాడైపోయాయని వాపోయాడు. గాలికుంటు మూలంగా పొలాల్లో నడక దారులన్నీ మూసేశారట. చాలా వారాలైందట. ఎవరైనా గేటు దాటి అడుగు పెడితే జరిమానా అట. నా చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. దారులన్నీ మూసేస్తే ఈవిడ ఎక్కడ నడుస్తోంది? ఏ గేటు దాటుతోంది? దొరికింది, అనుకున్నాను. తప్పు దొరికినప్పుడు ఆఫీసులో కలిగే సంతోషం లాంటిదే ఒకటి, ఒక్క క్షణం, నాలో కలిగింది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వచ్చే బుధవారానికి సగం రోజు సెలవు పెట్టాను. కారులో ఆ పల్లెకి పోయాను. ఒకటే వీధి, రాతి ఇళ్లు, చర్చి. వీధి చివర విలేజ్ హాలు. దాని ముందు నాలుగైదు కార్లున్నాయి. నేను కారు చర్చి పక్కన ఆపి, నడిచి, ముందు ఆ గేటు సంగతి తేల్చుకుందామని హాలు వెనక దారి పట్టాను. పొలం మొదట్లోనే ఇనప గేటు ఒకటి కనపడింది. అర్ధచంద్రాకారంలో ఉన్న చిన్న కటకటాల మధ్య వేలాడుతోంది. గొర్రె పట్టదు, మనిషి ఒక్కడు పడతాడు, అదీ ఒళ్లు దగ్గరికి తీసుకుని. గేటుకి అడ్డంగా టేపు, మూసివేయబడింది అని కౌన్సిల్ బోర్డు, కింద మందు నీళ్లతో తడిపిన గడ్డి. గడ్డి మీద అడుగుజాడ లేదు. నేను వంగి మరీ చూశాను.

"ఏమైనా పోయిందా?" అని ఎవరో అడిగారు.

వెనక్కి తిరిగితే కుక్క పెద్దాయన. ఎవరో చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. ఎత్తు తక్కువ మనిషి. ఒక చెవిలో మిషను, చేతిలో పాల సీసా. హాల్లో టీకి పాలు అయిపోతే ఇంటికి పోయి తెస్తున్నాడట. కుక్క నా బూట్లు వాసన చూసింది.

"ఏం లేదు. ఈ గేటు వింతగా ఉంటే చూస్తున్నాను. దీన్నేమంటారు?" అన్నాను.

"కిస్సింగ్ గేట్" అన్నాడాయన. నా ముఖం ఎలా మారిందో గాని, ఓపిగ్గా వివరించాడు. గేటు అటూ ఇటూ ఊగి కటకటాలని ఊరికే తాకుతుంది, గడియ ఉండదు, అందుకని ఆ పేరు. దేశమంతా ఇలాంటివి వేలున్నాయి. ముందు దాటినవాళ్లు గేటు పట్టుకుని వెనకవాళ్లని ముద్దిస్తేనే వదులుతామని ఆటపట్టించడం మొగుడూపెళ్లాల సరదా. "నేనూ మా ఆవిణ్ని చాలాసార్లు ఆపాను. వర్షంలో కూడా" అని, పాల సీసా వైపు చూసుకుని, టీ చల్లారిపోతుందంటూ వెళ్లిపోయాడు.

ఒక వస్తువు పేరుని పట్టుకుని ఇంత దూరం వచ్చానని తెలిసి చెవులు వేడెక్కాయి. అంతటితో ఇంటికి పోయి ఉంటే ఈ కథ నవ్వుకోవడానికి పనికొచ్చేది. కానీ అనుమానం ఆగదు. పేరు సంగతి సరే, మరి కవితలో ఆయన ఎవరు? గేటు పట్టుకుని ఆపిందెవరు? ఇప్పుడు ఈయన నోటితోనే తెలిసింది, ఇక్కడ అలా ఆపుతారని.

హాలు కిటికీ దగ్గరికి పోయాను. లోపల గుండ్రంగా వేసిన కుర్చీల్లో అయిదారుగురు ఆడవాళ్లు, పెద్దాయన. మా ఆవిడ నిలబడి చదువుతోంది. తెలుగులోనే చదువుతోంది. అద్దం అవతల నుంచి కూడా ‘ఆయన’ అనే మాట నా చెవిన పడింది. తర్వాత ఇంగ్లీషులో ఏదో చెప్పింది. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది, సిగ్గుపడుతూ. ఇంట్లో అలా సిగ్గుపడి ఎన్నాళ్లైందో నాకు గుర్తు రాలేదు. అప్పుడే ఆంటీ కిటికీ వైపు తిరిగింది. నన్ను చూసి చేతులు రెండూ ఎత్తింది. తప్పించుకునే వీల్లేదు. తలుపు తీసుకుని లోపలికి పోయాను.

మా ఆవిడ ముఖంలో మొదట కనపడింది సంతోషం. అది నేను చూశాను. అబద్ధం చెప్పను, ఆ సంతోషం అచ్చంగా నాకోసమే. ఒక అడుగు ముందుకి కూడా వేసింది.

"ఇన్నాళ్లకి వచ్చారా!" అంది ఆంటీ. అందరి వైపూ తిరిగింది. "చూడండి, ఈయనే. గేటు దగ్గర ఆయన!"

అందరూ నా వైపు తిరిగారు. నన్ను ఎన్నాళ్లుగానో ఎరిగినవాళ్లలాగా నవ్వుతున్నారు. ఒకావిడ తన పక్కన కుర్చీ సర్ది కూర్చోమంది. పెద్దాయన చెవి మిషను సర్దుకుని, "అరే, మీరా? మరి మీ గేటుని మీరే గుర్తుపట్టలేదే? నన్ను దాని పేరు అడిగారు" అని హాస్యమాడాడు. మళ్లీ నవ్వులు.

ఊరుకుంటే సరిపోయేది. నేనూ నవ్వి, ఆ కుర్చీలో కూర్చుంటే సరిపోయేది. పది రోజులుగా కడుపులో కుమిలిందంతా ఆ క్షణంలోనే బయటికి తన్నుకొచ్చింది.

"అది నేను కాదు. నేనీ ఊరు రావడం ఇదే మొదలు" అన్నాను, గట్టిగా, ఇంగ్లీషులో, ఆఫీసు మీటింగులో తప్పు పట్టుకున్నట్టు.

పెద్దాయన కుక్క తల నిమురుతూ కిందికి చూశాడు. ఆంటీ మా ఆవిడ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. ఆ చూపులో కోపం లేదు. జాలి ఉంది. మా ఆవిడ మాత్రం నన్నే చూస్తోంది. ఆమె ముఖంలో సంతోషం పోయి, ఏదో కూడి తీసివేసి లెక్క తేల్చుకుంటున్నట్టు కళ్లు చిన్నవయ్యాయి. తర్వాత నోటుబుక్కు మూసింది.

"ఇట్స్ ఓన్లీ ఎ పోయెమ్" అంది అందరితో, చాలా చిన్న గొంతుతో.

ఎవరో టీ ఇంకొంచెం పోయమంటారా అని అడిగారు.

కారు పెద్ద రోడ్డు మీదికి వచ్చాక ఆమె అడిగింది.

"ఎందుకొచ్చారు?"

"ఊరికే."

"ఆఫీసు మానేసి ఊరికే వచ్చారా?"

నేను గేరు మార్చాను.

"నా నోటుబుక్కు చదివారు కదూ?"

"అయినా దారులన్నీ మూసేశారంటగా! నడిచామన్నావేందే మరి?" అన్నాను. ఇంకా పోట్లాటకే సిద్ధంగా ఉన్నాను.

"రోడ్డు మీద నడిచాం, చర్చి దాకా. పొలాల్లోకి పోకూడదని అందరం గుర్తున్నవాటి మీదే రాస్తున్నాం." నా వైపు తిరిగి, "ఎవరనుకున్నారు?" అంది.

ఆమే నా ముఖంలోకి చూసి పట్టేసింది.

"ఆ తాతగారనా?"

నవ్వింది. పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఎక్కడో ఏడుపుగా మారింది. నేను కారు పక్కకి తీసి ఆపాను.

"మిమ్మల్ని నేనింకేమని రాస్తానండీ? పేరు పెట్టి రాయమంటారా? అమ్మతో ఫోన్లో మాట్లాడినా, ఆంటీతో చెప్పినా ఆయన ఆయన అనేగా అంటాను. మీకెప్పుడూ వినపడలేదా?"

వినపడలేదు. మా ఆయన అని ఆడవాళ్లంటారని తెలియక కాదు. ఆమె నాతో మాట్లాడేటప్పుడు ఏవండీ, మీరు. ఇతరులతో మాట్లాడేటప్పుడు నేను అక్కడ ఉండను. నార్తాంప్టన్‌లో మాకు తెలుగు స్నేహితులు లేరు, ఆమె అమ్మకి ఫోన్ చేసేది నేను ఆఫీసులో ఉన్నప్పుడు. పెళ్లై నాలుగేళ్లైనా నా వెనక నా భార్య నన్ను ఏమని పిలుస్తుందో నాకు తెలియదు.

"మరి నేనెప్పుడొచ్చానే ఆ గేటు దగ్గరికి?" అన్నాను.

"రాలేదు" అంది. "పిలిచి పిలిచి విసిగిపోయి రాసుకున్నాను. రాస్తే వచ్చినట్టుండేది. వాళ్లకీ అలాగే చెప్పాను. మీరు వస్తారని, నడుస్తారని, పొలం మాటలన్నీ మీరే చెబుతారని. అందులో ఒక్కటైనా నిజమే కదా." కళ్లు తుడుచుకుంది. "ఇక అక్కడికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?"

రెండు నెలలు వెళ్లలేదు. ఆంటీ వచ్చి పిలిచినా జలుబని, పనని తప్పించుకుంది. ఆ రెండు నెలలూ నేను ఇంట్లో దొంగలాగే తిరిగాను. క్షమించమన్నాను. "దానికేముందిలెండి" అంది. ఆమె ఆ మాట అంత తేలిగ్గా అనడంతో నాకు భయం వేసింది.

ఎండాకాలంలో దారులు తెరిచారు. నేనే పట్టుబట్టి ఒక శనివారం ఆమెని అక్కడికి తీసుకెళ్లాను. ఎలాగైనా సరిదిద్దాలన్న తాపత్రయం. గేటు దగ్గర నేనే ముందు దాటాను. దాటి, గేటు పట్టుకుని నిలబడ్డాను. నవ్వాను కూడా. ఆ నవ్వు ఎంత వికారంగా ఉందో నాకే తెలుస్తోంది. ఆమె నా చేతినీ, గేటునీ చూసి, "జరగండి, వెనక ఎవరో వస్తున్నారు" అంది. నిజంగానే ఇద్దరు ముసలివాళ్లు కర్రలతో వస్తున్నారు. నేను వదిలేశాను.

ఆ తర్వాత మెల్లగా అన్నీ దారిలో పడ్డాయి. ఆమె మళ్లీ బుధవారాలు వెళ్లసాగింది. శనివారం నడకలకి నేనూ వెంట వెళ్లేవాణ్ని. మొదట్లో మొక్కుబడిగా, తర్వాత నిజంగానే ఇష్టపడి. దున్నిన నేల వాసన ఎక్కడైనా ఒకటేనని, ఇక్కడి రైతు కూడా మబ్బుని మా నాన్న చూసినట్టే చూస్తాడని తెలిసింది. పెద్దాయన నాతో ఎరువుల గురించి మాట్లాడేవాడు. పొగాకు ఎలా వేస్తారో చెప్పమనేవాడు. ఆ రోజు సంగతి ఎవరూ ఎత్తలేదు. అంత మర్యాదని కూడా నేను చాలాకాలం అనుమానించాను.

ఆరేళ్లు అలా గడిచాయి. 2007లో ఆ గుంపువాళ్లు తమ కవితల్లో కొన్ని ఏరి చిన్న పుస్తకం వేసుకున్నారు. మా ఆవిడవి పద్నాలుగున్నాయి. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఆంటీ సాయంతో చేసిన ఇంగ్లీషు. పుస్తకం ఇంటికొచ్చిన రోజు సాయంత్రం ఆమె వంట చేస్తుంటే నేను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, దాక్కోకుండా, దర్జాగా చదివాను. బాగున్నాయి. అన్నీ బాగున్నాయి. చాళ్లున్నాయి, కంచెలున్నాయి, మంచులో గొర్రె ఈనిన పొద్దు ఉంది, పెద్దాయన కుక్క చచ్చిపోయిన రోజు కూడా ఉంది. గేటు మీద ఒకటుంది. కొత్తగా రాసింది. అందులో ఆమె ఒక్కతే గేటు దాటుతుంది.

మొదటినుంచి మళ్లీ తిప్పాను. టెస్టర్ బుద్ధి, ఒక్కో పేజీ వేలితో తడుముతూ వెతికాను. రావలసినన్ని శనివారాలు వచ్చాను, వానలో నడిచాను, బురదలో జారిపడ్డాను, ఆమె థర్మాస్ ఆరేళ్లు నేనే మోశాను. పద్నాలుగు కవితల్లో ఎక్కడా లేను.

"ఇందులో ఆయన లేడేందే?" అన్నాను.

ఆమె పోపులో కరివేపాకు వేసింది. ఆ చిటపటలో వినపడలేదేమో అనుకుని మళ్లీ అడిగాను. స్టవ్ తగ్గించి నా వైపు తిరిగింది. ముఖంలో కోపం గాని, ఎత్తిపొడుపు గాని లేదు. నేను వెతికాను, లేదు. నిజంగానే గుర్తుచేసుకోవడానికి చూస్తోంది.

"ఎవరండీ?" అంది.

‘నేనే’ అనడానికి నాకు నోరు రాలేదు.